కలప బిల్లులో జాతి పేరు ఉండాలి
విశాఖలో కలప కొనేవాళ్లకు అది ఏ చెట్టుదో, ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పే కాగితం చేతికి రావడం లేదు. 1900లో మొదలైన అమెరికా కలప కంపెనీ వెయర్‌హౌజర్ గురించి ఈమధ్య చదివాను. దాని చేతిలో దాదాపు కోటి ఎకరాల అడవి భూమి ఉంది. ఏ రాష్ట్రంలో ఎంత ఉందో, ఏం అమ్ముతోందో, సీఈవో డెవిన్ స్టాక్‌ఫిష్‌ సహా పెద్దలెవరో అందరికీ తెలిసేలా ఉంటుంది. ఇక్కడ టేకు అంటే నమ్మి నేను కొన్న గుమ్మాలు రెండు వానాకాలాలకే వంకర తిరిగాయి. మన సముద్రపు గాలికి సరిగా ఆరబెట్టని పచ్చి చెక్క నిలుస్తుందా? బిల్లు తీసి చూస్తే ‘కలప’ అనీ, ఇన్ని సీఎఫ్‌టీలు (ఘనపుటడుగులు) అనీ తప్ప ఇంకేం లేదు. జాతి, దేశం, ఆరబెట్టిందా కాదా అన్నవి బిల్లులో రాయడం తప్పనిసరి చేసి, అటవీ, తూనికలు కొలతల శాఖలు కలిసి కలప డిపోలను తనిఖీ చేయాలి.
- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం