బుజ్జికి ఉత్తరం: నీ వెబ్ పేజీలు నీ స్నేహితురాలి దగ్గర ఎందుకు తెరుచుకోలేదు

హైదరాబాద్,
ఆదివారం.

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, నాన్నమ్మా, నేనూ క్షేమం. నిన్న ఫోనులో నీ కోపం వినిపించినంతగా విషయం వినిపించలేదు. రాత్రి నువ్వు పంపిన తెర ఫొటోలు తీరిగ్గా చూశాక సంగతేమిటో అర్థమైంది. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు. పైగా ఇవి కంప్యూటరు పక్కన కాగితం పెట్టుకుని చేయవలసిన పనులు. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్ల బావి మీద నువ్వు చేసిన పేజీలను నీ స్నేహితురాలు తన కళాశాల ల్యాబులో తెరిచి చూడాలి, తెలుగు వాక్యాలు సరిదిద్దాలి, తరవాత మీరిద్దరూ కలిసి చూపించాలి. పని ఇంతే. దీనికి నువ్వు చేసినవి: మొత్తం ఫోల్డరును జిప్ చేసి జీమెయిల్‌లో పంపబోతే అది ఒప్పుకోలేదు. పేజీ రాసి ఉన్న హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒక్కటే పంపితే బొమ్మలు రాలేదు. గూగుల్ డ్రైవ్‌లో పెడితే పేజీకి బదులు కోడ్ కనిపించింది. చివరికి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ల్యాబులో ఖాళీ పేజీ వచ్చింది. ‘అక్కడి యాంటీవైరస్ అడ్డుపడుతోంది, కాసేపు ఆపేయమని చెప్పాను’ అన్నావు. ఆ ఒక్క మాట మీదే నాకు అభ్యంతరం. మా ఆఫీసులో మెయిల్ సర్వరును చూసుకుంటూ, ఏ ఫైలును లోపలికి రానివ్వాలో దేన్ని ఆపాలో నిర్ణయించే పని నాదేనని నీకు తెలుసు. అంటే నువ్వు నిన్న తిట్టినవాళ్ల జాబితాలో మీ నాన్న కూడా ఉన్నాడు. కాబట్టి అవతలి వైపు నుంచి చెబుతాను.

జీమెయిల్ ఆపింది నీ పేజీలను కాదు, ఫోల్డరులో ఉన్న జావాస్క్రిప్ట్ ఫైలును, అంటే పేజీ చేత పనులు చేయించే చిన్న ప్రోగ్రామును (దీన్నే స్క్రిప్టు అంటాం, పేరు చివర డాట్ జేఎస్ అని ఉంటుంది). 2017 ఫిబ్రవరి 13 నుంచి జీమెయిల్ డాట్ జేఎస్ ఫైళ్లను జోడించనివ్వడం లేదు, జిప్‌లో పెట్టినా లోపలికి తొంగి చూసి ఆపేస్తుంది. దీనికి కారణం చాలామంది ఊహించేది కాదు. నీ స్క్రిప్టు బ్రౌజరు లోపల నడిచినంత సేపు దానికి కట్టుబాట్లు ఉంటాయి, అది నీ డిస్కులోని ఫైళ్లను ఇష్టం వచ్చినట్టు ముట్టుకోలేదు. అదే ఫైలును విండోస్‌లో డెస్క్‌టాప్ మీద పెట్టి రెండుసార్లు నొక్కితే బ్రౌజరుతో సంబంధం లేకుండా విండోస్ స్వయంగా దాన్ని నడిపిస్తుంది, అప్పుడు ఆ మనిషికి ఉన్న అధికారాలన్నీ ఆ ఫైలుకూ వచ్చేస్తాయి. 2000వ సంవత్సరం మే నెలలో ‘ఐ లవ్ యూ’ అనే కంప్యూటరు పురుగు ప్రపంచమంతా పాకింది ఇలాంటి దారిలోనే. ప్రేమలేఖ అన్న పేరుతో, చివర టెక్స్ట్ ఫైలులా కనిపించేలా వచ్చిన ఆ ఫైలు నిజానికి ఒక స్క్రిప్టు. ఫైలు రకాన్ని చెప్పే పేరు చివరి ముక్కను, అంటే అసలు ఎక్స్‌టెన్షన్‌ను, విండోస్ దాచిపెట్టడం వల్ల జనం మోసపోయారు. నొక్కినవాళ్ల అడ్రసు పుస్తకంలో ఉన్న వాళ్లందరికీ అది తనంతట తాను వెళ్లిపోయింది. తెలిసినవాళ్ల పేరుతో రావడమే దాని బలం.

అందుకే ఫైలు పేరు చివర డాట్ టీఎక్స్‌టీ అని మార్చి పంపే చిట్కా నాకు నచ్చదు. మీ హాస్టల్లో అందరూ చేస్తున్నదే కావచ్చు, చాలాసార్లు పని చేస్తుంది కూడా. అయితే ‘పేరు మార్చి పంపాను, నువ్వు దించుకుని మళ్లీ పేరు మార్చి తెరువు’ అన్న మాట నీ నుంచి ఒకసారి విన్న అమ్మాయి, రేపు నీ పేరుతో ఇంకెవరో అదే మాట రాస్తే అనుమానించదు. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టడమూ అంతే. లోపల ఏముందో చూసే వీలు లేని పెట్టె వస్తే నాలాంటివాడు దాన్ని మామూలు జిప్ కంటే ఎక్కువ అనుమానిస్తాడు, ఎందుకంటే దొంగలు పంపే తీరు కూడా అదే. ఒంటరిగా వచ్చే హెచ్‌టీఎంఎల్ ఫైలు మీద కూడా ఈ రోజుల్లో చాలా ఆఫీసులు కన్ను వేసి ఉంచుతున్నాయి. బ్యాంకు లాగిన్ పేజీని అచ్చుగుద్దినట్టు తయారుచేసి, జోడింపుగా పంపి, పాస్‌వర్డ్ రాబట్టడం వాళ్లకు బాగా అలవాటైన పని.

బొమ్మలు రాకపోవడానికి మాత్రం భద్రతతో ఏ సంబంధమూ లేదు. హెచ్‌టీఎంఎల్ ఫైలులో బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. నువ్వు పంపిన మొదటి తెర ఫొటోను పెద్దది చేసి చూశాను. బావి మెట్ల ఫొటో దారి సీ డ్రైవ్ దగ్గర మొదలై, యూజర్స్, నీ పేరు, డెస్క్‌టాప్ అంటూ సాగుతోంది. ఆ దారి నీ ల్యాప్‌టాప్‌లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. పేజీ ఉన్న చోటు నుంచి మొదలయ్యే దారి రాయాలి, అంటే ‘ఇమేజెస్’ ఫోల్డరు, దాని తరవాత ఫైలు పేరు, అంతే. ఇంకొక మాట, నీ ఫొటోల్లో కొన్నింటికి చివర పెద్దబడి (క్యాపిటల్ అక్షరాల) జేపీజీ ఉంది, కోడులో చిన్నబడి రాశావు. విండోస్‌లో తేడా తెలియదు, చాలా సర్వర్ల మీద పెట్టగానే ఆ ఫొటోలు మాయమవుతాయి. అన్నింటినీ చిన్నబడికి మార్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ల్యాబులో వచ్చిన ఖాళీ పేజీ యాంటీవైరస్ పని కాదు. నీ స్నేహితురాలు ఎఫ్12 నొక్కి, బ్రౌజరు తప్పులు చూపించే పలకను తీసి పంపిన ఫొటో కింది భాగంలో ఎర్రటి వరుస ఒకటి ఉంది, దాన్ని నువ్వు చదివినట్టు లేదు. అందులో ‘ఆరిజిన్ నల్’ అనే మాట ఉంది, కార్స్ నియమం (ఒక చోటి పేజీ ఇంకో చోటి ఫైలును చదవవచ్చా లేదా అని బ్రౌజరు చూసే కట్టుబాటు) ప్రకారం ఆపామని చెబుతోంది. పైన అడ్రసు చూడు, హెచ్‌టీటీపీతో కాక ‘ఫైల్’ అనే మాటతో మొదలైంది. నీ పేజీ ఫొటోల జాబితాను పక్కనున్న జేసన్ ఫైలు (జాబితాలు దాచే మామూలు అక్షరాల ఫైలు) నుంచి ఫెచ్ అనే ఆదేశంతో తెచ్చుకుంటుంది. డిస్కు మీద నుంచి నేరుగా తెరిచిన పేజీని అలా పక్క ఫైలు చదవడానికి బ్రౌజరు ఒప్పుకోదు. ఒప్పుకుంటే, ఎవరో పంపిన పేజీని నువ్వు డౌన్‌లోడ్స్‌లో దాచుకుని తెరిచిన క్షణంలో అది ఆ ఫోల్డరులో ఉన్న నీ మార్కుల మెమో, ఆధార్ కాపీ అన్నీ చదివి బయటికి పంపేయగలదు. ఫైర్‌ఫాక్స్ ఒకే ఫోల్డరులోని ఫైళ్లను ఒకదాన్నొకటి చదవనిచ్చేది, అది ప్రమాదమని తేలాక 2019 జూలైలో వచ్చిన 68వ వెర్షన్ నుంచి మానేసింది.

మరి నీ దగ్గర ఎలా పనిచేసింది? నువ్వు కోడ్ రాసే వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ బొత్తాం నొక్కి చూస్తున్నావు. అది నీ ల్యాప్‌టాప్‌లోనే చిన్న సర్వరును నడిపి పేజీని హెచ్‌టీటీపీ ద్వారా చూపిస్తుంది. అడ్రసులో 127 అని మొదలయ్యే అంకెలు కనిపించేది అందుకే. ఆ అమ్మాయి ఫైలును రెండుసార్లు నొక్కి తెరిచింది. ల్యాబు వాళ్లు అన్ని రక్షణలూ ఎత్తేసినా ఆ పేజీ ఖాళీగానే ఉండేది. ఈ లోపల ఆ అమ్మాయి, తనది కాని కంప్యూటరులో యాంటీవైరస్ ఆపినందుకు ల్యాబు ఇన్‌చార్జితో చీవాట్లు తినేది.

దీనికి తేలికైన మందు ఉంది. జేసన్ ఫైలును తీసేసి, ఆ జాబితానే పేజీ లోపలి స్క్రిప్టులో ఒక చరరాశిగా పెట్టు. పది పన్నెండు ఫొటోల జాబితాకు ఫెచ్ ఎందుకు? మీ సీనియర్లు అలా చేస్తారని నువ్వూ చేశావని నా అనుమానం. అప్పుడు పేజీ ఎక్కడ తెరిచినా తెరుచుకుంటుంది. ఆ స్క్రిప్టుకు మాడ్యూల్ అని రకం రాసి వేరే ఫైలుగా పెట్టకు, అదీ ఇలాగే ఆగిపోతుంది.

దించుకున్న ఫైలును తెరవబోతే విండోస్ చూపించే నీలి హెచ్చరికలు వేరే జాతివి. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైలుకు విండోస్ కనిపించని గుర్తు ఒకటి తగిలిస్తుంది, ఫలానా చోటు నుంచి వచ్చిందని పార్శిల్‌కు చీటీ అంటించినట్టు. ఫైలు ప్రాపర్టీస్‌లో కింద ‘అన్‌బ్లాక్’ అనే గడి కనిపిస్తే ఆ చీటీ ఉందన్నమాట. జిప్‌ను విండోస్‌తో విప్పితే లోపలి ఫైళ్లకూ అది అంటుకుంటుంది. మామూలు పెన్‌డ్రైవ్‌లలో ఫైళ్లు అమర్చే ఫ్యాట్32 పద్ధతిలో ఈ గుర్తుకు చోటే లేదు కాబట్టి అక్కడికి కాపీ చేయగానే రాలిపోతుంది. ఇది నీకు తెలిసి ఉండటం మంచిదే, చీటీ లేని పెన్‌డ్రైవ్ ఫైలును గుడ్డిగా నమ్మకూడదని కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక పంపే దారి. నన్నడిగితే ఫైళ్లు పంపకు, లింకు పంపు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో ‘పేజెస్’ అనే సౌకర్యంతో ఉచితంగా పెట్టవచ్చు, ముఖ్యమైన ఫైలు పేరు ఇండెక్స్ అని ఉంటే చాలు, అడ్రసు హెచ్‌టీటీపీఎస్‌తో వస్తుంది. నీ స్నేహితురాలు ఏదీ దించుకోనక్కరలేదు, ఏ హెచ్చరికనూ దాటనక్కరలేదు. గూగుల్ డ్రైవ్ కూడా ఒకప్పుడు పేజీలను నేరుగా చూపించేది, 2016లో ఆ సౌకర్యం తీసేశారు. అందుకే నీకు కోడ్ కనిపించింది.

గిట్‌హబ్‌లో ఉచిత ఖాతాకు ఈ సౌకర్యం కావాలంటే ఫైళ్లన్నీ అందరికీ కనిపించేలా ఉంచాలి. కాబట్టి పెట్టే ముందు రెండు పనులు చేయి. పేజీ చివర ‘సంప్రదించండి’ అని నీ ఫోను నంబరు ఉంది, తీసేయి. ఫోనుతో తీసిన ఫొటోల్లో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉండవచ్చు. బావి ఎక్కడుందో ఊరంతటికీ తెలుసు గనుక బావి ఫొటోలతో నష్టం లేదు. ‘మా బృందం’ కింద పెట్టినది మన డాబా మీద తీసుకున్న ఫొటో. ఆ సమాచారం తుడిచేసి, సైజు కూడా తగ్గించి పెట్టు. ఒక్కొక్కటి అయిదారు ఎంబీల ఫొటోలు ల్యాబు నెట్‌లో తెరుచుకునేసరికి పీరియడ్ అయిపోతుంది.

వాక్యాలు దిద్దడానికి ఆ అమ్మాయికి పేజీ ఎందుకో కూడా ఆలోచించు. వచనాన్ని గూగుల్ డాక్స్‌లో పెట్టి ఇస్తే ఫోనులోనే దిద్దుతుంది. దిద్దినది తిరిగి పేజీలో పెట్టేటప్పుడు పైన యూటీఎఫ్-8 (అక్షరాలను ఎలా చదవాలో బ్రౌజరుకు చెప్పే పద్ధతి) అని రాసే వరుస ఉందో లేదో చూసుకో, అది లేకపోతే తెలుగు అక్షరాల స్థానంలో పిచ్చి గుర్తులు వస్తాయి. నేనూ ఒకటి దిద్దుతాను: బావి ‘2022లో కట్టారు’ అని రాశావు. అది ఎంతో పాతది. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉంటే పూడిక తీసి, బాగుచేసి 2022 డిసెంబరులో మళ్లీ ప్రారంభించారు.

ల్యాబులో గిట్‌హబ్ అడ్రసును కూడా ఆపి ఉంచితే, ఫలానా లింకు ఫలానా ప్రాజెక్టు కోసం కావాలని ఇన్‌చార్జికి ఒక కాగితం రాసి ఇమ్మను. అడిగితే ఇవ్వరని పిల్లలు అనుకుంటారు గానీ, మాకు అలాంటి కాగితాలు వస్తూనే ఉంటాయి, లింకు తెరిచి చూసి చాలావాటికి సరేనంటాం. లింకు తయారయ్యాక ముందు నాకు పంపు. సోమవారం ఆఫీసు నుంచి తెరిచి చూస్తాను. మా దగ్గర కట్టుబాట్లు మీ స్నేహితురాలి ల్యాబు కంటే గట్టివి, ఎక్కడైనా ఆగితే ఏ నియమం దగ్గర ఆగిందో నాకు రాతపూర్వకంగా కనిపిస్తుంది, నీకు చెబుతాను.

ఇట్లు,
మీ నాన్న.