మోడల్ విమానం మూత తీసి చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో టెక్ ఫెస్ట్ అంటే రిమోట్ కంట్రోల్ మోడల్ విమానాలు ఎగరాల్సిందే. శ్రీహరికోట ఉన్న జిల్లాలో పిల్లలకు ఆ మోజు ఉండటం సంతోషమే. కానీ విమానం కూలిన ప్రతిసారీ ఒకటే మాట వినిపిస్తుంది: 'సిగ్నల్ పోయింది సార్'. అంతటితో అందరూ ఊరుకుంటారు. ఆ మాట నమ్మే ముందు మూత తీసి చూడండని నా మనవి.

ఈమధ్య ఒక కాలేజీ మైదానంలో ఒకటి పైకి లేస్తూనే ముక్కు నిక్కించి, జనం నిలబడిన తాడు పక్కనే పడింది. అదృష్టం బాగుండి ఎవరికీ తగల్లేదు. లోపల సిగ్నల్ అందుకునే రిసీవర్ లైటు భేషుగ్గా వెలుగుతోంది. ముక్కులో ఉండాల్సిన 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మాత్రం జారి రెక్క కిందికి వచ్చేసింది. దాదాపు 180 గ్రాముల బరువు అలా వెనక్కి జరిగితే ఎలివేటర్‌ను, అంటే తోక మీద కదిలే పలకను, ఎంత దించినా ముక్కు దిగదు. దాన్ని పట్టి ఉంచింది ఒక్క వెల్‌క్రో ముక్క, అదీ పచ్చి బాల్సా చెక్క మీద. చెక్క పొడి మీద జిగురు నిలవదు. ముందు పలచగా ఎపాక్సీ జిగురు పూసి, ఆరాక వెల్‌క్రో అతికించి, బ్యాటరీ చుట్టూ అడ్డంగా పట్టీ బిగించాలి.

మన ఎండల సంగతి కూడా ఉంది. చాలామంది సర్వోలను, అంటే రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లను, గ్లూ గన్‌తో అంటిస్తారు. మే నెలలో మూసిన కారులో కాసేపు ఉంచితే ఆ జిగురు మెత్తబడి సర్వో కదిలిపోతుంది. సర్వోతో పాటు స్క్రూలు, రబ్బరు బుష్‌లు ఊరికే ఇస్తారా? ఇక కొందరు అన్నింటినీ స్పాంజిలో చుట్టేస్తారు. ఇంజిన్ అదురు తగలకుండా రిసీవర్‌ను వదులుగా చుట్టడం మంచిదే. మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీని చుడితే మాత్రం గాలి ఆడక వేడెక్కుతుంది. చిన్న విమానాల్లో సర్వోలకూ రిసీవర్‌కూ కరెంటు వచ్చేది చాలావరకు దాని నుంచే. అది ఆగిపోతే కంట్రోల్ మొత్తం పోతుంది. దాన్నీ సిగ్నల్ ఖాతాలోనే రాసేస్తారు!

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం చదువుకూ వినోదానికీ కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ (డిజైన్‌కు ప్రభుత్వ ఆమోదం) అక్కర్లేదు. రేణిగుంట ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో జోన్ చూసుకోవడం ఎలాగూ తప్పదు. లోపల ఏది ఎలా కట్టారో మాత్రం ఏ అధికారీ వచ్చి చూడడు. ఆ పని పోటీ పెట్టినవాళ్లదే.

రంగులకూ స్టిక్కర్లకూ మార్కులు వేసే జడ్జీలు, ఎగరేసే ముందు విమానాన్ని తలకిందులు చేసి ఒకసారి ఊపి చూడాలి. లోపల ఏది కదిలినా ఆ రౌండుకు వద్దనాలి. ప్రొపెల్లర్ తీయించి, మోటారు తిరుగుతుండగా చేతిలోని రిమోట్ ట్రాన్స్‌మిటర్ ఆపించాలి. మోటారు ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు) సరిగా పెట్టలేదన్నమాట. కూలిన విమానంలో బ్యాటరీ నొక్కుకుపోయినా ఉబ్బినా దాన్ని బ్యాగులో వేసుకోనివ్వకండి, కాసేపయ్యాక కూడా అంటుకోవచ్చు. ఎండు గడ్డి ఉన్న మైదానాల్లో ఇసుక బకెట్లు పెట్టడం కాలేజీలకు భారమేమీ కాదు.

– ఒక ఎలక్ట్రానిక్స్ ఇన్‌స్ట్రక్టర్, తిరుపతి