కొండవాలులో పొదలు నరికితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మా జీడితోట సీతంపేట మండలంలో కొండవాలు మీద ఉంది. ఇక్కడి తోటలను లాంటానా, అదే తలంబ్రాల చెట్టు, కమ్మేస్తోంది. పశువులు తినవు, తిన్నా వాటికి విషం. ఎండాకాలంలో నిప్పు తగిలితే జీడిచెట్లు కూడా కాలిపోతాయి. గింజలు రాలే రోజుల్లో నిప్పంటే మాకు ఒకటే టెన్షన్.

ఏటా కూలీలను పెట్టి మొదలు దాకా నరికిస్తాం. తొలకరి పడగానే ఒక్కో మోడు నుంచి గుత్తులుగా పిలకలు వస్తాయి, పొద మునుపటికన్నా చిక్కబడుతుంది. నేల మట్టానికి మూడు నాలుగు అంగుళాల కింద వేరు తెగ్గొట్టి, పొదను తలకిందులుగా ఎండబెడితే మళ్లీ చిగురించదు. దానికి అక్టోబరు, నవంబరు నెలలు మంచివి. నేల తడిగా ఉంటుంది, గునపం దిగుతుంది. ఆ తర్వాత కూడా పక్షులు వేసిన గింజలు మొలుస్తూనే ఉంటాయి కాబట్టి మరుసటి వానాకాలం చేత్తో పీకాల్సిందే.

జేసీబీతో గీకించమని కొందరు సలహా ఇస్తున్నారు. ఇంత నిటారు వాలులో అది చాలా ప్రమాదం. ఒక్క జడివానకు పైమట్టి గెడ్డలోకి పోతుంది. వాలుకు అడ్డంగా పట్టీలుగా తీసుకుంటూ, కొట్టిన కంపను అడ్డంగానే పేర్చాలి.

ఉపాధి పనుల్లో తుప్పలు తీయించేటప్పుడు నరికిన విస్తీర్ణం కొలవకుండా, తీసిన వేళ్లను చూసి కూలి కట్టమని అధికారులను కోరుతున్నాను.

– ఒక జీడిరైతు, పార్వతీపురం మన్యం జిల్లా