అబద్ధం యంత్రం చెబితే బాధ్యత ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

కృత్రిమ మేధ ఉద్యోగాలను ఏం చేస్తుందన్న చర్చ చాలానే సాగుతోంది గాని, అది మన నిజాయతీని ఏం చేస్తుందన్న ప్రశ్నకు తగినంత చోటు దక్కడం లేదు. బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ మానవ వికాస సంస్థ పరిశోధకులు ఇతర విశ్వవిద్యాలయాల వారితో కలిసి 2025 సెప్టెంబరులో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం నన్ను కలవరపరిచింది. పాచిక వేసి, పడిన అంకెను బట్టి డబ్బు తీసుకొమ్మన్నప్పుడు, ఆ అంకెను స్వయంగా చెప్పినవారిలో సుమారు 95 శాతం మంది నిజమే చెప్పారు. అదే పనిని యంత్రానికి అప్పగించి, కచ్చితత్వం కావాలో లాభం కావాలో స్థూలంగా సూచించే వీలు కల్పించినప్పుడు, నిజాయతీగా మిగిలినవారు 12 నుంచి 16 శాతం మాత్రమే. అబద్ధం చెప్పమని ఎవరూ నోరు తెరిచి అనలేదు, లాభం వైపు మొగ్గు చూపారంతే. మోసగించే ఉద్దేశం లేని మనుషులు కూడా ఇంత సులువుగా జారిపోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

యంత్రాలకు సాధారణ నీతివాక్యాలు చెప్పడంకన్నా, చేస్తున్న పనిలో అబద్ధం చెప్పరాదని స్పష్టంగా నిషేధించడమే మెరుగ్గా పనిచేసిందని అదే అధ్యయనం తెలిపింది. కాబట్టి పన్ను రిటర్నులు, బీమా క్లెయిములు నింపిపెట్టే సాధనాలు ప్రతి అంకెకూ ఆధారం చూపి, వినియోగదారు అంగీకారం తీసుకున్నాకే ముందుకు సాగేలా ప్రభుత్వం నిబంధన తేవాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, వరంగల్