తహసీల్దారు పోయిన రోజు

గుత్తి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మల్లీ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. తిట్టుకో, పడతాను. నాన్న కాలు నయమైంది, శెనక్కాయ ఈసారీ ముంచింది, చెల్లికి నంద్యాల సంబంధం ఇంకా నానుతూనే ఉంది. అవన్నీ తర్వాత. ముందు కోళ్ల సంగతి వినరా.

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే గంప ఎత్తితే మూడు కోళ్లు చచ్చి పడున్నాయి. నాలుగోది, అదేరా మన తహసీల్దారు, మెడ వాల్చేసి నిలబడింది. జుట్టు నేరేడు పండు రంగుకు తిరిగింది. ముక్కులోంచి జిగట. అవ్వ చూసి, "ప్రాణం ఉండగానే కోసేద్దాం, పులుసుకన్నా వస్తుంది" అని కత్తి తెచ్చింది. ఊళ్లో అందరూ చేసే పనే. నాకు మాత్రం 2025 మార్చిలో బర్డ్ ఫ్లూతో పోయిన నరసరావుపేట రెండేళ్ల పాప గుర్తొచ్చింది. పచ్చి కోడి ముక్క నోట్లో పెట్టుకుందని చదివాం కదా. కత్తి లాక్కుని అవ్వ మీద అరిచేశాను. పుట్టి బుద్ధెరిగాక ఆమె మీద గొంతు లేపడం అదే మొదలు.

సాయంత్రానికి తహసీల్దారు కూడా పోయింది. పశువుల డాక్టరమ్మ వచ్చి నమూనాలు తీసుకుని, లోతుగా గుంత తవ్వించి, సున్నం చల్లి పూడ్పించింది. భోపాల్ ల్యాబు నుంచి కబురు రావాలంది. అప్పటిదాకా టెన్షన్ ఎట్లా ఉంటుందో చూడు. అవ్వ నాతో మాట్లాడదు. ఆమె నిద్రపోయాక మెల్లిగా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ణి, రాత్రికి రెండు మూడుసార్లు. చివరికి కొక్కెర తెగులని తేలింది. బర్డ్ ఫ్లూ కాదు. ఆ రాత్రి ఏడ్చానురా.

డాక్టరమ్మ మాట ఒకటి మాత్రం మనసులోంచి పోవడం లేదు. బర్డ్ ఫ్లూ ఇప్పటికైతే మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకదు. అదీ, మామూలు ఫ్లూ రెండూ ఒకే ఒంట్లో కలిస్తే కొత్త రకం పుట్టొచ్చట. కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్లు ఏటా ఫ్లూ టీకా వేయించుకోమనేది అందుకే. మరి కొత్తది వస్తే? 2009 ఏప్రిల్లో స్వైన్ ఫ్లూ బయటపడితే అమెరికాలోనే టీకా వేయడం అక్టోబరులో మొదలైంది. ఆ ఆరు నెలలు మనల్ని కాచేది మాస్కూ, గాలీ, పక్కింటివాళ్లే కదా. 2020లో కర్నూల్లో మీ పెదనాన్న మందుల కోసం బైకు మీద తిరిగాం చూడు, ఆ రోజు... వద్దులే, అది రాయలేను.

అందుకని పెరటి గది ఖాళీ చేశాను, రెండు కిటికీలున్నది అదొక్కటే. ఎవరికి జ్వరమొచ్చినా అందులోనే. అవ్వ బీపీ మాత్రలు ఇప్పుడు ఎప్పుడూ నెలకు సరిపడా ముందే ఉంటాయి. ఒక నోటుబుక్కులో మా వీధిలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లెవరు, ఎవరింటికి ఎవరు పాలు, మందులు చేర్చాలి అని రాస్తున్నాను. పదకొండు ఇళ్లు ఒప్పుకున్నాయి. బియ్యం మూటలు దాచుకోవడం కన్నా ఇదే ముఖ్యమని నా నమ్మకం. మీ అమ్మ అక్కడ ఒక్కతే కదా, మీ పక్కింటివాళ్ల నంబరు నీ దగ్గర ఉందా? లేకపోతే రేపే...

అవ్వ పిలుస్తోంది. ఇప్పుడు మాట్లాడుతోందిలే. ఉంటాను.

నీ
శీను