పచ్చ చుక్క అబద్ధమాడిన రోజు

మన ఆర్డర్ల ప్రోగ్రామ్ వాడుతున్న చేపల కొట్ల వాళ్లందరికీ,

మొన్న మంగళవారం తెల్లవారుజాము నుంచి సాయంత్రం అయిదింటి దాకా, ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట దగ్గర నుంచి మీ మనుషులు పంపిన రేట్లు, తూకాలు మీ కౌంటర్ కంప్యూటర్లకు చేరలేదు. మొత్తం 23 కొట్లు. అదీ ఎలాంటి రోజుల్లో! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగి, బోట్లు మొదటి విడత సరుకుతో ఒడ్డుకొస్తున్న రోజుల్లో. ఆ రోజు ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పాను. కొందరి దగ్గర "సర్వర్ ప్రాబ్లమ్ అండీ" అని తప్పించుకున్నాను కూడా. అసలు జరిగింది ఇది.

మెసేజ్‌లు నడిచే సర్వర్ మాది కాదు, అద్దెది. ఆ సర్వర్ వాళ్లు సోమవారం రాత్రి సెక్యూరిటీ సర్టిఫికెట్ మార్చారు. అంటే 'నేనే అసలు సర్వర్‌ను' అని మీ కంప్యూటర్‌కు చూపించే గుర్తింపు కార్డు లాంటిది. ముందుగా ఒక మెయిల్ లేదు, ఫోన్ లేదు. మన మెసేజ్‌లు నడిచేది ఎక్స్‌ఎంపీపీ అనే పద్ధతిలో. 1999లో జాబర్ పేరుతో పుట్టింది, ఇప్పటికీ గట్టిది. ఇందులో కనెక్షన్ ఒకసారి కలిసిందంటే తెగేదాకా అలాగే ఉంటుంది. సర్టిఫికెట్‌ను చూసేది కొత్తగా కలిసేటప్పుడే. అందుకే రాత్రి కంప్యూటర్ కట్టేసి వెళ్లినవాళ్లకు తెల్లారేసరికి ఏమీ రాలేదు, ఆన్‌లోనే వదిలేసినవాళ్లకు బాగానే వచ్చాయి. గాజువాకలో ఒక కొట్టుకు తొమ్మిదింటి దాకా ఆర్డర్లు పడ్డాయి. కరెంటు పోయి వచ్చింది, అంతే, ఆగిపోయాయి.

సర్వర్ వాళ్లకు ఫోన్ చేస్తే "మా దగ్గర బాగానే ఉంది, మీ ఇంటర్నెట్ చూసుకోండి" అన్నారు. మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా బాగానే ఉంది మరి. నేను నమ్మేశాను. మీచేత రౌటర్లు ఆపించి ఆన్ చేయించాను, మెసేజ్‌లు వెళ్లే దారి, 5222 పోర్టు, తెరిచి ఉందో లేదో చూశాం, ఫైర్‌వాల్ తీయించాను. అలా మూడు గంటలు పోయాయి. పెదజాలారిపేట నుంచి ఒక అమ్మ ఫోన్ చేసి, "ఏటి బాబూ, నీ మిషను పచ్చగా వెలుగుతాది గానీ కబురు మాత్రం రాదేటి?" అని అడిగేదాకా నాకు అసలు విషయం తట్టలేదు. సర్వర్‌తో కలిసిందని చెప్పడానికే కదా స్క్రీన్ మీద ఆ పచ్చ చుక్క, మరి కలవని కంప్యూటర్‌లో ఎందుకు వెలుగుతోంది?

బండి వేసుకుని గాజువాక వెళ్లాను. ప్రోగ్రామ్ తెరిచి చూస్తే, కనెక్షన్ విఫలమైతే ఏం చేయాలో రాయాల్సిన చోట నేనే ఏమీ రాయకుండా వదిలేశాను. తప్పు వస్తే మింగేసి ముందుకు పోతుంది, చుక్క పచ్చగానే ఉంటుంది. ఆ చోట ఒక్క లైను రాసి నడిపితే అప్పుడు బయటపడింది: 'పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్'. అంటే సర్వర్ చూపించిన సర్టిఫికెట్‌కు పూచీ ఇచ్చే పెద్ద ఎవరో మీ కంప్యూటర్‌లోని జావాకు, అంటే మన ప్రోగ్రామ్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌కు, తెలియదు. కొత్త సర్టిఫికెట్ ఇచ్చింది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ. వాళ్ల రూట్ సర్టిఫికెట్, అంటే ఆ పూచీ ఇచ్చే పెద్ద, జావా 8లోకి వచ్చింది 2017 జులైలో, 141వ అప్‌డేట్‌తో. మీ కొట్లలో నేను వేసింది అదే ఏడాది జనవరిలో వచ్చిన 121వ అప్‌డేట్. ఆరు నెలల తేడా! మా ల్యాప్‌టాప్‌లో ఉన్నది జావా 17, దానికి అందరూ తెలుసు. నడుస్తున్నదాన్ని కదిపితే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఎక్కడ మొండికేస్తాయో అని ఇన్నేళ్లూ మీ జావా జోలికి పోలేదు. ఆ భయం నాదే.

మీలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఇది దాచిపెట్టి క్షమాపణ చెబితే అది క్షమాపణ అనిపించుకోదు.

పదకొండు దాటాక సర్వర్ కంపెనీ కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు. "సర్టిఫికెట్ చెకింగ్ తీసేయండి సార్, అందరూ అదే చేస్తారు" అన్నాడు. నిజమే, అయిదు నిమిషాల పని. జావాలో ట్రస్ట్ మేనేజర్ అని ఉంటుంది, ఎవరిని నమ్మాలో అది తేలుస్తుంది. దాన్ని ఖాళీగా రాసి పెడితే ఎవరొచ్చినా 'సరే' అంటుంది. గాజువాక కౌంటర్ మీదే టైప్ చేశాను. వెంటనే కలిసింది. వంజరం రేటు ఒకటి స్క్రీన్ మీద పడింది. పక్కనే నిలబడ్డ కొట్టు ఓనరు "హమ్మయ్య" అన్నారు.

టైప్ చేసిన ఆ ముక్కను నేను తీసేశాను.

"వచ్చింది కదయ్యా, మళ్లీ ఎందుకు తీశావ్?" అన్నారాయన. 2014 నుంచి నా కస్టమరు. ఆ ఏడాది హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు ఫోన్లు మూగబోయి నా ప్రోగ్రామ్ పడుకుంటే, నవ్వేసి కాగితం మీద రాసుకున్న మనిషి. మొన్న నవ్వలేదు.

ఎందుకు తీశానంటే, చెకింగ్ లేకపోతే మధ్యలో ఎవడైనా 'నేనే సర్వర్' అని నిలబడి మీ మెసేజ్‌లన్నీ చదువుకోవచ్చు, మీ పాస్‌వర్డ్ కూడా తీసుకోవచ్చు. ఆ మెసేజ్‌లలో ఉండేదేమిటి? 'చందువ ఈ రేటు దాటితే వదిలెయ్' అని మీరు హార్బర్‌లోని మీ మనిషికి చెప్పే లెక్క. మీ కొట్లలో వైఫై పాస్‌వర్డ్ గోడ మీద స్కెచ్ పెన్‌తో రాసి ఉంటుంది, పక్క కొట్టు వాళ్లూ అదే వాడతారు. పైగా నా సంగతి నాకు తెలుసు. మా కోడ్‌లో 'తాత్కాలికం' అని 2018లో రాసిన ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఇదీ అలాగే ఉండిపోయేది.

ఆ నిర్ణయం వల్ల మీకు ఇంకో అయిదారు గంటలు పోయాయి. ఒకరికి రెండు క్రేట్ల చందువ వేళకు ఐసు అందక మెత్తబడింది. ఆ డబ్బు పంపితే ఆయన వెనక్కి పంపారు, నేను మళ్లీ పంపాను. చేసింది సరైనదేనా అని రాత్రిళ్లు ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. కానీ రేపు మళ్లీ ఇలాగే జరిగితే ఆ అడ్డదారిని మళ్లీ తీసేస్తాను, ఇది ముందే చెబుతున్నాను.

చివరికి మేం ముగ్గురం కూర్చుని, ఆ రూట్ సర్టిఫికెట్‌ను సరిచూసుకుని, ఒక్కో కంప్యూటర్‌లోని జావా నమ్మకస్తుల జాబితాలో చేర్చుకుంటూ వచ్చాం. ఆ జాబితాకు జావా వాళ్లు పెట్టిన పాస్‌వర్డ్ 'చేంజిట్'. మార్చుకోమని పేరులోనే ఉంది, ఎవరూ మార్చరు. మేమూ మార్చలేదు.

అయిదింటికి అన్నీ కలిశాక ఇంకో తలనొప్పి. పొద్దుటి నుంచి సర్వర్‌లో ఆగిన మెసేజ్‌లన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. ఎప్పుడో అమ్ముడుపోయిన సరుకు ఆర్డర్లు ప్రింటర్ గరగరమని కొడుతూనే ఉంది, కాగితం నేల మీదికి జారుతూనే ఉంది. వాటిని నిజమనుకుని ఇద్దరు ఐసు కూడా చెప్పారు. ఇకమీదట గంట దాటిన ఆర్డరు ప్రింట్ కాదు, స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తుంది.

రెండు కౌంటర్లున్న కొట్లలో అప్పుడప్పుడు ఒకటి మూగబోతుందని ఏడాదిగా చెబుతున్నారు కదా, అది కూడా ఈ వెతుకులాటలోనే దొరికింది. ఒకే అకౌంట్‌తో రెండు కంప్యూటర్లు లాగిన్ అయితే ఒక్కోదానికి ఒక్కో తోక పేరు ఉండాలి, రిసోర్స్ అంటారు. మేం అన్నింటికీ 'కౌంటర్' అనే పెట్టాం. రెండోది రాగానే సర్వర్ మొదటిదాన్ని బయటికి నెట్టేస్తోంది. సర్వర్‌తో కలిపే పనికి మేం వాడే రెడీమేడ్ కోడ్, స్మాక్ లైబ్రరీ, ఇలా నెట్టేస్తే కావాలనే మళ్లీ కలవదు, లేకపోతే రెండూ రోజంతా తోసుకుంటూనే ఉంటాయి. ఇందులో ఎవరినీ అనడానికి లేదు, పూర్తిగా మా తప్పు. సరిచేశాం.

పచ్చ చుక్క ఇకనుంచి సర్వర్‌ను పలకరించి, జవాబు వస్తేనే వెలుగుతుంది. అవతలి కంప్యూటర్ 'అందింది' అని చెబితేనే రెండో టిక్కు పడుతుంది. ఈ నెల చందా ఎవరూ కట్టనక్కర్లేదు.

"వాట్సాప్ గ్రూప్ పెట్టుకుంటే సరిపోయేది కదా" అని నలుగురన్నారు. నొచ్చుకున్నాను, దాచను. గ్రూపులో వచ్చిన రేటు దానంతటది బిల్లులోకి ఎక్కదు, తూకం స్టాకులోంచి తగ్గదు. అయినా వెళ్లాలనుకుంటే వెళ్లండి, మీ లెక్కలన్నీ ఫైల్‌గా తీసి నేనే ఇస్తాను.

సర్టిఫికెట్ మార్చేముందు వారం రోజుల నోటీసు ఇస్తామని రాసిమ్మని సర్వర్ వాళ్లను అడిగాను. "అలాంటి పద్ధతి లేదు" అన్నారు. సరే, మాకూ ఆ సర్వర్ వద్దు. ఓపెన్‌ఫైర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టి మన సర్వర్ మనమే నడుపుకుంటాం, ఖర్చు నాది, మీ చందా పెరగదు.

వచ్చే శని, ఆదివారాలు మధ్యాహ్నం రెండు తర్వాత మా కుర్రాడు వరుసగా కొట్లకు వచ్చి జావా మారుస్తాడు. ఆ టైముకి కంప్యూటర్ ఆన్‌లో ఉంచండి, ప్రింటర్‌లో కాగితం పెట్టి ఉంచండి. అతను వెళ్లిపోయేలోపు ఒక్క బిల్లు మీ చేత్తో కొట్టి చూసుకోండి.