వరిగడ్డికి సాయం పొలం దగ్గరే మొదలుకావాలి

సంపాదకులకు నమస్కారం.

యాసంగి కోతలు ముగిసిన రోజుల్లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల మీదుగా సాయంత్రం పూట వెళ్లిన వారికి పొలాల మీద కమ్ముకున్న పొగ కనిపించే ఉంటుంది. ఆ పొగకు కారకులైన రైతుల్లో నేనూ ఒకణ్ని. హార్వెస్టర్‌తో కోయించాక గడ్డి మడి నిండా చెదిరి పడుతుంది, కింద కొయ్యకాళ్లు నిలిచి ఉంటాయి. బేలర్ సమయానికి దొరికిన ఏడాది గడ్డిని కట్టలు కట్టించి పాడి ఉన్న వాళ్లకు ఇచ్చాను. దొరకని ఏడాది తప్పని తెలిసీ అగ్గి పెట్టాను. అందుకే పంట వ్యర్థాల నుంచి ఇథనాల్, బయోగ్యాస్ తీసే ప్లాంట్లకు ప్రభుత్వాలు ఇస్తున్న ప్రోత్సాహం గురించి వచ్చే ప్రతి వార్తనూ శ్రద్ధగా చదువుతున్నాను. ఆ ప్రోత్సాహం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతోంది, మా పొలాల దాకా రావడం లేదు అన్నదే ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నది.

కేంద్రం చేసిన ప్రయత్నం చిన్నదేమీ కాదు. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం తరువాత, పంట వ్యర్థాల నుంచి ఇథనాల్ తీసే ప్లాంట్ల కోసం 2019లో ప్రధానమంత్రి జీ-వన్ యోజనను రూ.1,969.50 కోట్లతో ఆమోదించి, ఒక్కో వాణిజ్య ప్లాంటుకు గరిష్ఠంగా రూ.150 కోట్ల దాకా సాయం ఇస్తామన్నారు. 2024లో దాన్ని 2028-29 వరకు పొడిగించారు. హరియాణాలోని పానిపట్‌లో 2022 ఆగస్టు 10న ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ ప్లాంటును ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టారు. కంప్రెస్డ్ బయోగ్యాస్ (శుద్ధి చేసి ఒత్తిడితో నింపే బయోగ్యాస్) కోసం 2018 అక్టోబరులో మొదలుపెట్టిన సతత్ పథకం మాత్రం 5,000 ప్లాంట్లు లక్ష్యంగా పెట్టుకుని, గడువు తీరేనాటికి అందులో చిన్న భాగాన్ని కూడా అందుకోలేకపోయింది.

ఎందుకు అందుకోలేకపోయిందో మిర్యాలగూడ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఊకను చూస్తే అర్థమవుతుంది. ఊకను కాల్చి పారేసే మిల్లు యజమాని ఒక్కరూ లేరు. పారాబాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) మిల్లుల బాయిలర్లకు అదే ఇంధనం, ఇటుక బట్టీల వాళ్లు లారీలు తెచ్చి కొనుక్కుపోతారు. ఊక, గడ్డి ఒకే పైరు నుంచి వచ్చినా, ఊక మిల్లులో ఒకేచోట కుప్పగా పడుతుంది కనుక దానికి ధర ఉంది. గడ్డి వేల ఎకరాల్లో, వేల మంది చిన్న రైతుల మడుల్లో చెదిరి ఉంటుంది. దాన్ని రెండు మూడు వారాల్లోనే పోగుచేసి, కట్టలు కట్టి, అకాల వర్షానికి తడవకుండా, నిప్పు అంటుకోకుండా ఏడాది పొడవునా దాచిపెట్టాలి. ప్లాంటుకు గడ్డి ప్రతిరోజూ కావాలి, మాకు గడ్డి వచ్చేది ఏడాదికి రెండుసార్లే. ఈ రెంటి మధ్య దూరాన్ని పూడ్చే పని ఎవరిదో ఏ పథకమూ మా ప్రాంతంలో తేల్చలేదు. గడ్డి తేలికైన సరుకు, చోటు ఎక్కువ తింటుంది. కట్టలు కట్టకుండా పది కిలోమీటర్లు మోసినా రవాణా ఖర్చే దాని విలువను మింగేస్తుంది.

ఉత్తరాదిలో ఈ విషయాన్ని కొంత గుర్తించారు. పంజాబ్, హరియాణా, ఉత్తర ప్రదేశ్, ఢిల్లీల కోసం నడుస్తున్న పంట అవశేషాల నిర్వహణ పథకం మార్గదర్శకాలను 2023లో సవరించి, గడ్డి సేకరణ యంత్రాల ఖర్చులో ప్రభుత్వం 65 శాతం, గడ్డి వాడుకునే పరిశ్రమ 25 శాతం, రైతులు లేదా వారి సంఘాలు 10 శాతం భరించేలా ఏర్పాటు చేశారు. ఢిల్లీకి పొగ చేరుతుంది కనుక ఆ శ్రద్ధ కలిగింది, మంచిదే. అదే ఏర్పాటును తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు విస్తరించమని మన రెండు ప్రభుత్వాలూ కేంద్రాన్ని గట్టిగా అడగాలి. గడ్డి సేకరణ యంత్రాలకని 2024లో ప్రకటించిన రూ.564.75 కోట్ల పథకం దేశమంతటికీ వర్తించేదే అయినా, ఆ సాయం బయోగ్యాస్ ఉత్పత్తిదారులకే. ప్లాంటు లేని మండలంలోని రైతు సంఘానికి బేలర్ కొనిపెట్టే దారి అందులో లేదు.

తెలంగాణలో ఇందుకు కొత్త యంత్రాంగం అక్కర్లేదని నా అభిప్రాయం. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కేంద్రాలు, సహకార సంఘాలు ఏళ్లుగా వడ్లు కొంటున్నాయి. తేమ చూడటం, తూకం వేయడం, రైతు ఖాతాలో డబ్బు పడేలా వివరాలు నమోదు చేయడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. నాలుగైదు గ్రామాలకు ఒక బేలర్‌నూ, కట్టలు నిల్వ చేసే ఎత్తైన స్థలాన్నీ ఈ సంఘాలకు అప్పగించి, గడ్డికి టన్నుకు ఇంత అని సీజన్‌కు ముందే ధర ప్రకటిస్తే అగ్గిపెట్టె తీసే రైతులు చాలామంది ఆగుతారు. ఆ డబ్బు పట్టాదారుకు కాక సాగు చేసిన కౌలు రైతుకే చేరాలి, ఎందుకంటే గడ్డి తీయించే కష్టమూ ఖర్చూ కౌలుదారువే.

ఆంధ్రప్రదేశ్‌లో రూ.65,000 కోట్లతో 500 బయోగ్యాస్ ప్లాంట్లకు రిలయన్స్ ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన కూడా జరిగింది. అక్కడ ప్రధానంగా బీడు భూముల్లో నేపియర్ అనే ఏపుగా పెరిగే గడ్డి పెంచి వాడతామంటున్నారు. కరువు నేలకు ఆదాయం వస్తే సంతోషమే. కానీ కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇప్పటికే పండి ఉన్న గడ్డిని వదిలేసి, కేవలం గ్యాస్ కోసం కొత్తగా గడ్డి పెంచే ప్లాంటుకూ, వ్యర్థాన్ని వాడే ప్లాంటుకూ ఒకే స్థాయి రాయితీ ఇవ్వడం సబబు కాదు.

పశువులకు కావలసిన మేత ముందు మిగలాలి, మిగులే ప్లాంటుకు వెళ్లాలి. నేలకు ఇవ్వాల్సిందీ ఒకటుంది. టన్ను వరిగడ్డి కాల్చితే దాదాపు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ నష్టపోతామని శాస్త్రవేత్తల లెక్క. గడ్డిని బండికెత్తి పంపినా ఆ పొటాష్ మా మడి విడిచి పోయినట్టే. బయోగ్యాస్ తీశాక మిగిలే సేంద్రియ ఎరువు అమ్మకానికి కేంద్రం టన్నుకు రూ.1,500 సాయం ప్రకటించింది. గడ్డి ఇచ్చిన రైతుకు ఆ ఎరువులో నిర్ణీత వాటా ఉచితంగా తిరిగి ఇవ్వాలన్న షరతును ప్లాంటు అనుమతి పత్రంలోనే రాయాలని కోరుతున్నాను. పట్టణ గ్యాస్ సంస్థలు తాము అమ్మే గ్యాస్‌లో బయోగ్యాస్ కలపాలన్న నిబంధన 2026-27లో 3 శాతానికి, 2028-29 నుంచి 5 శాతానికి పెరుగుతుంది కనుక ప్లాంట్లు ఎలాగూ వస్తాయి. ఈ షరతు వాటి ఒప్పందాల మీద సంతకాలు పడకముందే చేరాలి.

ఇట్లు,
ఒక వరి రైతు,
మిర్యాలగూడ ప్రాంతం, నల్గొండ జిల్లా